చెత్తగుట్ట వాయువు ఇంధనం కావాలంటే: శుద్ధిలో అసలు చిక్కు గాలి

ల్యాండ్‌ఫిల్‌లో పూడ్చిన చెత్త నుంచి వెలువడే వాయువులో దాదాపు సగం మీథేన్ ఉంటుంది. సహజవాయువులో ప్రధానంగా ఉండేది కూడా మీథేనే. కాబట్టి మిగతా సగాన్ని తీసివేస్తే ఈ వాయువును వంటకు, వాహనాలకు, పరిశ్రమలకు వాడుకోవచ్చన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. ఆ ఆలోచన కొత్తదీ కాదు, తప్పూ కాదు. కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డెస్ ల్యాండ్‌ఫిల్ దగ్గర 1975లోనే వాయువును శుద్ధిచేసి సహజవాయువు పైపులైనులోకి పంపడం మొదలైంది. అయితే ‘మిగతా సగం’ అని ఒక్క మాటలో చెప్పేసే భాగంలో కార్బన్ డయాక్సైడ్, నత్రజని, ఆక్సిజన్, నీటి ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్‌లతో పాటు వందకు పైగా సూక్ష్మ పరిమాణంలోని పదార్థాలు ఉంటాయి. వీటిలో అత్యధికంగా ఉండే కార్బన్ డయాక్సైడ్‌ను తీయడమే అన్నింటికంటే సులువు. బయటి గాలితో పాటు లోపలికి చొరబడిన కొద్దిపాటి నత్రజనిని తీయడమే అన్నింటికంటే కష్టం. ఈ తేడాను గమనించకుండా శుద్ధి కేంద్రాన్ని రూపొందించడం, చిల్లికుండకు ఖరీదైన మూత చేయించడం వంటిది.

చెత్తను పూడ్చిన మొదటి రోజుల్లో దానిలో చిక్కుకున్న గాలిని సూక్ష్మజీవులు వాడుకుంటాయి. ఆక్సిజన్ అయిపోయాక ఆమ్లాలు, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తయారయ్యే దశ వస్తుంది. ఆ తర్వాత మీథేన్‌ను పుట్టించే సూక్ష్మజీవులు నిలదొక్కుకుని, కొన్ని నెలలకో ఒకటి రెండేళ్లకో వాయువు కూర్పు స్థిరపడుతుంది. ఆ స్థితిలో మీథేన్ 45 నుంచి 60 శాతం వరకు, మిగిలినదానిలో అధికభాగం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. గోబర్ గ్యాస్ ప్లాంటులోనూ జరిగేది ఇదే జీవరసాయన క్రియ. కానీ అక్కడ పేడ నీళ్లు మూసిన తొట్టెలో ఉంటాయి. వాయువు తన ఒత్తిడితో తానే బయటికి వస్తుంది. గాలి చొరబడే దారి ఉండదు. ల్యాండ్‌ఫిల్ అలాంటి తొట్టె కాదు. అది ఎకరాల కొద్దీ పరచుకుని, మట్టి కప్పుకుని, ఏటేటా కుంగుతూ, బీటలు వారుతూ ఉండే గుట్ట. దానిలోకి నిలువునా బావులు తవ్వి, చిల్లులున్న ప్లాస్టిక్ పైపులు దించి, అన్నింటినీ ఒక ప్రధాన గొట్టానికి కలిపి, బ్లోయర్‌తో వాయువును లాగాలి. లాగేచోట పీడనం తగ్గుతుంది గనుక, బీటలున్న ప్రతిచోటా పైనున్న గాలి కూడా లోపలికి దిగుతుంది.

ఆ గాలి ఏం చేస్తుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ముడి వాయువులో 50 శాతం మీథేన్, 45 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం నత్రజని ఉన్నాయనుకుందాం. కార్బన్ డయాక్సైడ్‌ను పూర్తిగా తీసేస్తే 55 భాగాలు మిగులుతాయి. వాటిలో మీథేన్ 91 శాతం, నత్రజని 9 శాతం. శుద్ధి జరిగిన కొద్దీ నత్రజని శాతం తగ్గకపోగా దాదాపు రెట్టింపైందన్నమాట. ముడి వాయువులోనే 15 శాతం నత్రజని, ఒక శాతం ఆక్సిజన్ ఉండి మీథేన్ 45 శాతానికి పడిపోతే, కార్బన్ డయాక్సైడ్ పోయాక మిగిలేది 74 శాతం మీథేన్ ఉన్న వాయువు మాత్రమే. పైపులైను సంస్థలు మండని వాయువులన్నీ కలిపి సాధారణంగా మూడు నుంచి ఐదు శాతం మించకూడదంటాయి. తుది ఇంధనంలో నత్రజని మూడు శాతం దాటకూడదంటే, వెనక్కి లెక్కవేసినప్పుడు ముడి వాయువులో అది ఇంచుమించు ఒకటిన్నర శాతానికి లోబడి ఉండాలి. అంటే నూరు ఘనపు మీటర్ల వాయువులో రెండు ఘనపు మీటర్ల గాలి కలిస్తే చాలు, హద్దు దాటినట్టే. యాభై బావులు సమానంగా వాయువును ఇస్తున్న చోట ఒక్క బావి పైపు విరిగి గాలిని మాత్రమే పీల్చడం మొదలుపెడితే, మిగతా నలభై తొమ్మిది ఎంత చక్కగా ఉన్నా ఫలితం ఇదే.

నత్రజనికి, మీథేన్‌కు మధ్య ఈ ముడి ఎందుకంత గట్టిగా పడింది? వాయువులను విడదీయాలంటే వాటి స్వభావాల్లో ఏదో ఒక తేడా దొరకాలి. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఆ తేడాలు పుష్కలం. సాధారణ ఉష్ణోగ్రత వద్ద అది నీళ్లలో మీథేన్ కంటే పాతిక రెట్లు ఎక్కువగా కరుగుతుంది. ఆమ్ల స్వభావం ఉండడం వల్ల క్షార ద్రావణాలతో కలుస్తుంది. దాని అణువు చిన్నది కావడంతో సన్నని పాలిమర్ పొరల గుండా త్వరగా జారిపోతుంది. నత్రజనికి వీటిలో ఏదీ లేదు. అది మీథేన్‌లాగే నీళ్లలో సరిగా కరగదు, దేనితోనూ సులభంగా చర్య జరపదు. అణువుల పరిమాణంలోనూ అంతరం స్వల్పమే. కార్బన్ డయాక్సైడ్ అణువు వ్యాసం 3.3 ఆంగ్‌స్ట్రాములైతే, నత్రజనిది 3.64, మీథేన్‌ది 3.8. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస గురించి కావ్యాలు చెబుతాయి. నత్రజని, మీథేన్‌ల దగ్గర ఇంజనీరుకు కావలసింది అలాంటి హంసే. అది దొరకదని కాదు, దాని మేత ఖర్చు ఎక్కువ.

అందువల్ల శుద్ధి మొదలయ్యేది యంత్రాల దగ్గర కాదు, బావి మూతి దగ్గర. ప్రతి బావికీ ఒక వాల్వు, నమూనా తీసే చిన్న మార్గం, పీడనమూ ఉష్ణోగ్రతా చూసే ఏర్పాటు ఉంటాయి. సిబ్బంది చేతిలో పట్టుకుని తిరిగే పరికరం మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్‌లను కొలుస్తుంది. నూరులోంచి ఈ మూడింటి మొత్తాన్ని తీసివేయగా మిగిలినదాన్ని ‘బ్యాలెన్స్ గ్యాస్’ అంటారు, అది ముఖ్యంగా నత్రజని. ఇక్కడ ఒక చక్కని తర్కం పనిచేస్తుంది. గాలిలో నత్రజని, ఆక్సిజన్‌ల నిష్పత్తి ఇంచుమించు 3.7కు 1. నమూనాలోనూ అదే నిష్పత్తి కనిపిస్తే గాలి నేరుగా పైపులోకే వస్తోందని, అంటే నేలపై ఉన్న గొట్టంలోనో, అతుకులోనో, బావి మూత దగ్గరో చిల్లు ఉందని అర్థం. నత్రజని బాగా ఉండి ఆక్సిజన్ దాదాపు లేకపోతే, గాలి చెత్త గుండా ప్రయాణించి వచ్చిందని, దారిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేశాయని తెలుస్తుంది. మొదటిదానికి మరమ్మతు చేస్తే సరిపోతుంది. రెండోదానికి మాత్రం ఆ బావి మీద లాగుడు తగ్గించాలి, లేదా పైకప్పు మట్టిని సరిచేయాలి. లక్షలు పోసి నత్రజనిని తీసే యంత్రం కొనే ముందు ఈ నిష్పత్తిని బావి బావికీ చూడడం చవకైన పని. ఆశ్చర్యమేమిటంటే ఆ క్రమం తలకిందులయ్యే సందర్భాలు తక్కువేమీ కావు.

లాగుడు తగ్గించడం చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే ఒకే బావుల వ్యవస్థ మీద రెండు వేర్వేరు బాధ్యతలు ఉంటాయి. వాసన రాకుండా, మీథేన్ గాలిలో కలవకుండా, పక్క నేలల్లోకి పాకకుండా చూడాలంటే గట్టిగా లాగాలి. ఇంధనం నాణ్యంగా ఉండాలంటే మెల్లగా లాగాలి. వాయువు పాకితే ఏమవుతుందన్నది ఊహాజనితమైన భయం కాదు. 1986 మార్చిలో ఇంగ్లండ్‌లోని లాస్కో గ్రామంలో మూసివేసిన ల్యాండ్‌ఫిల్ నుంచి వాయువు నేల పొరల గుండా వెళ్లి ఒక ఇంటి అడుగున చేరి పేలింది. ఆ సమయంలో వాతావరణ పీడనం వేగంగా పడిపోవడం వల్ల వాయువు గుట్టలోంచి ఎక్కువగా బయటికి వచ్చింది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మరోవైపు అతిగా లాగడంలోనూ ప్రమాదం ఉంది. లోపలికి చేరిన ఆక్సిజన్ చెత్తను వేడెక్కించి, మంట కనబడకుండా లోలోపల రాజుకునే స్థితికి తేగలదు. అమెరికాలో 1996 నాటి నియమాలు బావుల్లో నత్రజని 20 శాతానికి లేదా ఆక్సిజన్ 5 శాతానికి, ఉష్ణోగ్రత 55 డిగ్రీల సెల్సియస్‌కు లోపు ఉండాలన్నది ఈ భయంతోనే. ఆ 20 శాతాన్ని ఇంధనానికి కావలసిన ఒకటిన్నర శాతంతో పోల్చి చూస్తే, భద్రతా ప్రమాణాలు పాటిస్తున్న గుట్ట కూడా ఇంధనపు గుట్ట కాకపోవచ్చన్నది స్పష్టమవుతుంది.

ఈ వైరుధ్యాన్ని కొన్ని చోట్ల బావులను రెండు వర్గాలుగా విడగొట్టి పరిష్కరిస్తారు. గుట్ట నడిమధ్యన లోతుగా ఉన్న బావుల వాయువు శుద్ధికి వెళుతుంది. అంచుల వెంట, వాలుల మీద ఉన్నవాటిని గట్టిగా లాగి, ఆ పలుచని వాయువును ఫ్లేర్‌లో, అంటే వాయువును ఊరికే కాల్చివేసే గొట్టంలో, మండిస్తారు లేదా ఇంజనుకు ఇస్తారు. రెండు గొట్టాల వరుసలు వేయవలసి రావడం అదనపు ఖర్చే. అయినా శుద్ధి కేంద్రం జీవితకాలమంతా నత్రజనితో కుస్తీ పట్టడం కంటే అది మేలైన పద్ధతి.

బావుల నుంచి వాయువు వెచ్చగా, నీటి ఆవిరితో నిండుగా వస్తుంది. గొట్టాల్లో చల్లబడగానే ఆ ఆవిరి నీరై పల్లపు చోట్ల నిలిచి, దారికి అడ్డుపడుతుంది. గుట్ట కుంగుతూ ఉంటుంది గనుక నిన్నటి వాలు నేటి పల్లం కావచ్చు. నీటిని ఎక్కడికక్కడ వంపేసే ఉచ్చులు, ఆపైన వాయువును చల్లార్చి ఆరబెట్టే పరికరాలు వాడుకలో బాగా స్థిరపడినవే.

హైడ్రోజన్ సల్ఫైడ్ కథ కొంత వేరు. సాధారణ ఇంటిచెత్తలో దాని పరిమాణం పది లక్షల భాగాల్లో పదుల నుంచి కొన్ని వందల భాగాల వరకు ఉంటుంది. కూల్చిన కట్టడాల జిప్సం బోర్డు ముక్కలు కలిసిన చోట మాత్రం వేలకు చేరుతుంది, ఎందుకంటే జిప్సంలోని సల్ఫేటును కొన్ని బ్యాక్టీరియాలు గాలిలేని చోట సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్లిన గుడ్డు వాసనతో అతి స్వల్పంగా ఉన్నప్పుడే పసిగట్టగలిగే ఈ వాయువు, పది లక్షల్లో నూరు భాగాలు దాటే సరికి ముక్కును మొద్దుబార్చి వాసన తెలియనివ్వదు. ప్రాణాపాయం అక్కడే పొంచి ఉంటుంది. ఇది కాలితే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, తేమతో కలిసి లోహాన్ని తింటుంది. తక్కువ పరిమాణాలకు ఐరన్ ఆక్సైడ్ పట్టించిన కొయ్యపేళ్ల బుట్టలు, రసాయనం అద్దిన యాక్టివేటెడ్ కార్బన్ (సూక్ష్మ రంధ్రాలతో నిండిన బొగ్గు) సరిపోతాయి. ఎక్కువైతే ఇనుము కరిగిన ద్రావణంలో గంధకాన్ని ఘనరూపంలోకి మార్చి, ద్రావణాన్ని గాలితో తిరిగి తాజా చేసే పద్ధతులు నయం. వాడేసిన ఐరన్ ఆక్సైడ్ గాలి తగిలితే తనంతట తాను వేడెక్కి అంటుకోగలదు గనుక, దాన్ని తీసి పారబోయడం కూడా జాగ్రత్తగా చేయవలసిన పనే.

సిలాక్సేన్ల గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. షాంపూలు, డియోడరెంట్లు, సౌందర్య సాధనాలు, సీలెంట్లలో వాడే సిలికోన్ పదార్థాల అవశేషాలైన ఇవి చెత్తలోకి చేరి, మెల్లగా ఆవిరై వాయువుతో కలిసి వస్తాయి. ఘనపు మీటరులో కొన్ని మిల్లీగ్రాములే ఉంటాయి, వాసనతో పసిగట్టలేం. కానీ కాలినప్పుడు వాటిలోని సిలికాన్ సిలికాగా, అంటే సన్నని ఇసుకగా మారుతుంది. వీటిలో తరచుగా కనిపించే డి4 అనే సిలాక్సేన్ ఒక గ్రాము కాలితే 0.81 గ్రాముల సిలికా మిగులుతుంది. ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాముల డి4 ఉన్న వాయువును గంటకు 500 ఘనపు మీటర్ల చొప్పున ఏడాదికి 8,000 గంటలు కాలిస్తే పుట్టే సిలికా 65 కిలోలు. దానిలో ఎక్కువభాగం పొగతో పోయినా, మిగిలిన కొంచెమే ఇంజను సిలిండర్ల తలల మీద, వాల్వుల మీద తెల్లని గట్టి పెచ్చుగా పేరుకుంటుంది. పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరకాల మీద పూతలా పరుచుకుని వాటిని నిరుపయోగం చేస్తుంది. ఇంజను నూనెలో సిలికాన్ పెరుగుదలను బట్టే చాలామంది నిర్వాహకులు ఈ బెడదను మొదట గుర్తిస్తారు.

సిలాక్సేన్లను పట్టడానికి యాక్టివేటెడ్ కార్బన్, సిలికాజెల్ వంటి అధిశోషకాలు, అంటే ఆవిర్లను తమ ఉపరితలం మీద పట్టి ఉంచే పదార్థాలు, వాడతారు. కాగితం మీద చూస్తే ఇది సాదా వడపోత. ఆచరణలో మాత్రం కార్బన్ రంధ్రాల కోసం పోటీ నడుస్తుంది. వాయువులో సిలాక్సేన్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే ఇతర సేంద్రియ ఆవిర్లు, తేమ ఆ చోటును ముందే ఆక్రమిస్తాయి. అంతకంటే వింతైన సంగతి మరొకటి ఉంది. డి5 అనే సిలాక్సేన్ వంటి బరువైన అణువులు వచ్చి చేరే కొద్దీ ముందుగా పట్టుబడిన తేలికపాటి అణువులను గెంటివేస్తాయి. అలా విడుదలైనవన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చి, వడపోత తర్వాత వాయువులో వాటి పరిమాణం వడపోతకు ముందు కంటే ఎక్కువగా కనిపించే స్థితి కూడా వస్తుంది. అందుకే ఒకదాని వెనుక ఒకటిగా రెండు బుట్టలు పెట్టి, వాటి నడుమ నమూనాలు తీస్తూ ఉండాలి. నెలకొకసారి బుట్ట మార్చాలన్న స్థిరమైన నియమం పెట్టుకోవడం, చెత్త కూర్పు మారే చోట నిలబడదు. వాయువును ముందుగా బాగా చల్లార్చి తేమనూ బరువైన ఆవిర్లనూ తగ్గిస్తే కార్బన్ ఆయుష్షు గణనీయంగా పెరుగుతుంది.

ఇవన్నీ అయ్యాక కార్బన్ డయాక్సైడ్ వంతు. దీనికి నాలుగు ముఖ్యమైన పద్ధతులున్నాయి. చల్లని నీటిని ఎత్తయిన స్తంభంలో పైనుంచి జల్లుతూ, 6 నుంచి 10 బార్ల పీడనంతో వాయువును కిందినుంచి పంపడం మొదటిది. అమీన్ అనే క్షార రసాయనపు ద్రావణంతో బంధించి, ఆపై వేడిచేసి విడిపించడం రెండోది. పీడనాన్ని పెంచుతూ తగ్గిస్తూ అణుజల్లెడ పదార్థాల్లో పట్టి వదలడం మూడోది. బోలు నారల వంటి పాలిమర్ పొరల గుండా తోయడం నాలుగోది. పేడ, పంటవ్యర్థాల బయోగ్యాస్‌కు ఈ నాలుగూ బాగానే పనిచేస్తాయి. ల్యాండ్‌ఫిల్ వాయువు దగ్గరికి వచ్చేసరికి గాలి అన్న కొలబద్దతో వాటిని మళ్లీ తూచవలసి వస్తుంది. నీటి స్తంభంలో వాడిన నీటిని తిరిగి తాజా చేయడానికి దానిగుండా గాలిని ఊదుతారు. అప్పుడు నీటిలో కరిగిన గాలి మళ్లీ స్తంభంలోకి చేరి ఇంధనంలో కలుస్తుంది. నత్రజనిని తగ్గించాలని తంటాలు పడుతున్న చోట ఇది చేజేతులా కలుపుకోవడమే. అమీన్ పద్ధతిలో మీథేన్ నష్టం అతి తక్కువ, ఒక శాతంలో పదోవంతు స్థాయిలో ఉంటుంది. కానీ ఆక్సిజన్ తగిలితే అమీన్ చెడిపోతుంది, పైగా వేడి బాగా కావాలి. పొరలు కార్బన్ డయాక్సైడ్‌తో పాటు ఆక్సిజన్‌లోనూ కొంత భాగాన్ని బయటికి పంపుతాయి, నత్రజని మాత్రం మీథేన్ పక్షానే మిగిలిపోతుంది. అణుజల్లెడ పద్ధతి నత్రజనిని కొంతవరకు తగ్గించగలదు గాని, ఆ మేరకు మీథేన్‌ను పోగొట్టుకుంటుంది. చిన్న, మధ్యస్థ కేంద్రాల్లో పొరల వాడకం పెరగడానికి వాటి సరళతే కారణం. అయితే సేంద్రియ ఆవిర్లు వాటిని పాడుచేస్తాయి గనుక, ముందరి దశల్లో చేసిన పొదుపు ఇక్కడ నష్టమై తిరిగివస్తుంది.

ఆక్సిజన్‌ను తీయవలసి వస్తే పల్లాడియం వంటి ఉత్ప్రేరకం మీద కొంత మీథేన్‌తోనే దాన్ని కాల్చేస్తారు. ఒక్కో మీథేన్ అణువు రెండు ఆక్సిజన్ అణువులను మింగి, కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతుంది. అంటే ఎంతో శ్రమపడి తీసిన రెండు పదార్థాలూ కొద్దిగానైనా తిరిగి పుడతాయి, మళ్లీ ఆరబెట్టాలి. గంధకం, సిలికాన్ ఉత్ప్రేరకాన్ని చంపేస్తాయి కాబట్టి ఈ దశ వాటి తర్వాతే రావాలి. ఏ దశ ఎక్కడ ఉండాలన్నది ఇంజనీరు ఇష్టాయిష్టాలతో తేలేది కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నత్రజనిని యంత్రంతోనే తీయక తప్పని చోట రెండు దారులున్నాయి. రంధ్రాల పరిమాణాన్ని నత్రజని, మీథేన్‌ల నడుమ సరిగ్గా పడేలా సవరించిన టైటానియం సిలికేట్ జల్లెడలు, లేదా మీథేన్‌నే పట్టి నత్రజనిని వదిలే కార్బన్ పదార్థాలు ఒక దారి. రెండోది అతిశీతల స్వేదనం. మీథేన్ మైనస్ 161.5 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర, నత్రజని మైనస్ 196 దగ్గర మరుగుతాయి. అణువుల పరిమాణంలో దొరకని అంతరం ఇక్కడ విశాలంగా దొరుకుతుంది. ఫ్రాన్సులోని వాగా ఎనర్జీ సంస్థ పొరలతో కార్బన్ డయాక్సైడ్‌ను తీసి, ఆపై స్వేదనంతో గాలిని వేరుచేసే కేంద్రాన్ని 2017లో సాఁ-ఫ్లోరాంతాఁ ల్యాండ్‌ఫిల్ దగ్గర ప్రారంభించింది. శుద్ధిచేసిన మీథేన్‌ను ద్రవంగానే నిలవచేసి లారీలకు ఇంధనంగా ఇచ్చే ప్రయత్నం అంతకుముందే, 2009లో, కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో మొదలైంది; వేస్ట్ మేనేజ్‌మెంట్, లిండే సంస్థలు కలిసి రోజుకు 13,000 గ్యాలన్ల సామర్థ్యంతో దాన్ని నిర్మించాయి. అతిశీతల మార్గంలో మరచిపోకూడని విషయం ఒకటుంది. మరుగు స్థానంలో ఆక్సిజన్ మీథేన్‌కూ నత్రజనికీ నడుమ ఉంటుంది గనుక, స్వేదన స్తంభంలో ఎక్కడో ఒకచోట మీథేన్, ఆక్సిజన్ పేలుడు నిష్పత్తిలో కలుసుకునే అవకాశం ఉంది. ఆ ప్రాంతం ఏర్పడకుండా రూపకల్పన చేయడమే ఈ పద్ధతిలో అసలు నైపుణ్యం.

తుది ఇంధనానికి ప్రమాణాలు ఎవరు ఎలా పెట్టారన్నది కూడా శుద్ధి ఖర్చును శాసిస్తుంది. యూరప్‌లో పైపులైనులోకి పంపే బయోమీథేన్‌కు 2016లో, వాహన ఇంధనానికి 2017లో ఈఎన్ 16723 ప్రమాణంలోని రెండు భాగాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో ల్యాండ్‌ఫిల్ వాయువులో క్యాన్సర్ కారకమైన వినైల్ క్లోరైడ్ ఉండవచ్చన్న ఆందోళనతో 1988లో ఒక చట్టం తెచ్చారు. దానితో పైపులైను దారి చాలాకాలం దాదాపు మూతపడింది. 2012లో చేసిన మరో చట్టం ఆరోగ్య ప్రమాదాన్ని శాస్త్రీయంగా అంచనావేసి హద్దులు నిర్ణయించమని ఆదేశించింది. పైపులైను సంస్థలు ఆక్సిజన్ మీద పెట్టే హద్దుల్లో విపరీతమైన తేడాలున్నాయి. కొన్ని 0.2 శాతానికి ఒప్పుకుంటే, కొన్ని దానిలో నూరోవంతు కూడా ఒప్పుకోవు. పొడిగా ఉన్న వాయువులో కొద్దిపాటి ఆక్సిజన్ పైపును తుప్పుపట్టించదు. తేమ, భూగర్భ నిలవ కేంద్రాలు ఉన్న చోట మాత్రం ఆ కఠినత్వానికి కారణం ఉంది. స్థానిక పరిస్థితి చూడకుండా కఠినమైన అంకె పెట్టడం వల్ల ఎన్నో గుట్టల వాయువు అనవసరంగా ఫ్లేర్ల పాలవుతుందన్న వాదనలో బలముంది.

శుద్ధికి ఖర్చయ్యే విద్యుత్తు చూడడానికి ఎక్కువ అనిపించినా నిజానికి పెద్ద భారం కాదు. ఘనపు మీటరు ముడి వాయువుకు సుమారు 0.2 నుంచి 0.3 యూనిట్లు పడుతుంది. అంత వాయువులోని మీథేన్‌లో ఐదు యూనిట్ల శక్తి ఉంటుంది. అసలు లెక్కలోకి తీసుకోవలసింది జారిపోయే మీథేన్. వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌తో పాటు కొంత మీథేన్ బయటికి పోతుంది. నూరు కిలోల మీథేన్‌లో రెండు కిలోలు అలా పోయాయనుకుంటే, మిగిలిన 98 కిలోలు అంతే సహజవాయువుకు బదులుగా కాలి సుమారు 270 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను తప్పిస్తాయి. గాలిలోకి పోయిన రెండు కిలోలు నూరేళ్ల కొలమానంలో కిలోకు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 56 కిలోలకు సమానమైన వేడిమి కలిగిస్తాయి. ప్రయోజనంలో ఐదోవంతు అక్కడే పోయింది. ఇరవై ఏళ్ల కొలమానంలో మీథేన్ ప్రభావం ఎనభై రెట్ల స్థాయిలో ఉంటుంది. ఆ లెక్కన పోయేది ఐదింట మూడు వంతులు. కాబట్టి వ్యర్థవాయువును మండించే ఉష్ణ ఆక్సీకరణ యంత్రం లేని శుద్ధి కేంద్రాన్ని పర్యావరణహితమని పిలవడం తొందరపాటే. ఇంధన నాణ్యత ఎంత శాతమని గర్వంగా ప్రకటించే చోట, జారిన మీథేన్ ఎంత శాతమో కూడా పక్కనే రాసే అలవాటు రావాలి.

ప్రతి గుట్టకూ శుద్ధి కేంద్రం తగదు. పక్కనే ఇటుకల బట్టీయో, బాయిలరో ఉంటే తేమ తీసిన ముడి వాయువునే నేరుగా కాల్చడం చవక. సగం కార్బన్ డయాక్సైడ్ ఉన్నా బర్నర్‌ను దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మరో విషయం వాయువు ఆయుష్షు. చెత్త పూడ్చడం ఆగిన నాటి నుంచి వాయువు తగ్గుతూ పోతుంది. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2006లో ఇచ్చిన అంచనా విలువల ప్రకారం వెచ్చని, తేమగల ప్రాంతాల్లో ఆహార వ్యర్థాల నుంచి వచ్చే వాయువు రెండేళ్లలోపే సగమవుతుంది. కలగలుపు చెత్తకైతే సుమారు నాలుగేళ్లు పడుతుంది. పొడి, చల్లని ప్రాంతాల అంకెలతో వేసిన ప్రణాళికను తేమగల ప్రాంతానికి తెచ్చి అతికిస్తే, యంత్రాల అప్పు తీరకముందే వాయువు ఎండిపోతుంది. అందుకే కంటైనర్లలో అమర్చిన చిన్న భాగాలుగా కేంద్రాన్ని కట్టి, వాయువు తగ్గే కొద్దీ ఒక్కోదాన్ని మరో గుట్టకు తరలించే విధానం ఆకర్షణీయంగా ఉంది. చివరికి మీథేన్ శాతం ఫ్లేర్ కూడా నిలకడగా మండలేనంత పడిపోయాక, గుట్టపైన కంపోస్టు పొర పరిచి, మీథేన్‌ను తిని బతికే బ్యాక్టీరియాకు ఆ పనిని అప్పగిస్తారు. అప్పటివరకు శుద్ధికి శత్రువుగా ఉన్న గాలి, ఆ బ్యాక్టీరియా బతకడానికి ఆ పొరలోకి చేరి తీరాలి.